థాంక్స్ ఎవరికి?

నవంబర్ నాలుగో గురువారం వచ్చిందంటే మా ఐటీవాళ్ళకి కోడ్ ఫ్రీజ్. అమెరికా క్లయింట్ సెలవులో ఉంటాడు, మనం ప్రొడక్షన్ ముట్టుకోకూడదు. ఉద్యోగం అన్నాక తప్పదు, సరే. కానీ మరునాడు మదనపల్లె కుర్రాడి ఫోన్లో బ్లాక్ ఫ్రైడే ఆఫర్లెందుకు? పుంగనూరు నుంచి ‘గ్రేట్‌ఫుల్’ స్టేటస్‌లెందుకు? కృతజ్ఞత చెప్తే ఏం పోతుందండీ అంటారు. ఎవరికి ఏం పోయిందో చూద్దాం.

1621లో ప్లిమత్ వలసదారులు కోతల విందు చేసుకున్నారు. వాంపనోగ్ నాయకుడు మస్సాసోయిట్ తొంభై మందితో వచ్చాడు. బడిపిల్లల నాటకం ఇక్కడితో ఆగిపోతుంది. ఆ వలసదారులకి మొక్కజొన్న నాటడం నేర్పిన టిస్క్వాంటమ్‌ని అంతకుముందే, 1614లో, ఒక ఇంగ్లీషు కెప్టెన్ బానిసగా అమ్మడానికి ఎత్తుకుపోయాడు. అతను తిరిగొచ్చేసరికి సొంతూరు పటక్సెట్ అంటురోగానికి తుడిచిపెట్టుకుపోయింది. ప్లిమత్ కట్టింది ఆ ఊరి మీదే. 1637లో మిస్టిక్ దగ్గర పీక్వాట్ల ఊరిని జనంతో సహా తగలబెట్టారు. 1676లో మెటాకామ్‌ని చంపి, తల నరికి, ప్లిమత్‌లో గుంజకి గుచ్చి ఏళ్ళ తరబడి ఉంచారు. మెటాకామ్ ఎవరో కాదు, విందులో పక్కన కూర్చున్న మస్సాసోయిట్ కొడుకే.

1970 నుంచి థాంక్స్‌గివింగ్ రోజే ప్లిమత్‌లో ఆదివాసులు సంతాపదినం పాటిస్తున్నారు. దాని మీద డిస్కౌంట్ లేదు కాబట్టి అది మన ఫోన్లదాకా రాలేదు.

పరాయి సంస్కృతంటే పడదా అని అడగొద్దు. 1919లో టాగూర్ మదనపల్లె బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో బస చేసినప్పుడే జనగణమనని ఇంగ్లీషులోకి అనువదించారు. ఐర్లండ్ నుంచి వచ్చిన మార్గరెట్ కజిన్స్ దానికి స్వరలిపి రాశారు. అది ఇచ్చిపుచ్చుకోవడం. కుప్పంలో తెలుగు, తమిళం, కన్నడం ఒకే టీకొట్లో కలిసి కూర్చుంటాయి. అదీ ఇచ్చిపుచ్చుకోవడమే. ఇంటర్నెట్‌లో మాత్రం దారి వన్‌వే. కనుమనాడు ఆవుల కొమ్ములకి మనం రంగులేసే సంగతి కాలిఫోర్నియా ఫీడ్‌కి పట్టదు. వాళ్ళ టర్కీ కోడి మాత్రం మన స్క్రీన్ మీద ఠంచనుగా వాలుతుంది. ఇందులో కుట్రేమీ లేదు, ఇది డిఫాల్ట్ సెట్టింగ్. డిఫాల్ట్‌ని ఎవరూ ఎంచుకోరు. మార్చని ప్రతివాడికీ అదే వర్తిస్తుంది.

తమాషా ఏంటంటే, అమెరికా ఆదివాసులకి మనం నిజంగానే బాకీ ఉన్నాం. మదనపల్లె మార్కెట్‌ని నింపే టమాటాని మెక్సికో ఆదివాసులు సాగులోకి తెచ్చారు. ఆ మాట కూడా వాళ్ళ నావాటల్ భాషలోంచి స్పానిష్ మీదుగా వచ్చింది. వేరుశనగ దక్షిణ అమెరికాది, మిరప కూడా ఆ ఖండాలదే. సంగటిలో నంజుకునే మన ఊరిబిండిలోంచి ఈ మూడూ తీసేయండి, ఇంకేం మిగులుతుంది? ఉప్పూ, చింతపండూ.

అందుకే థాంక్స్ చెప్పొద్దని నేననను, అడ్రస్ సరిగ్గా రాయమంటాను. పండించినవాణ్ణి మరిచిపోయి పంటకి మాత్రం దణ్ణం పెట్టడమే ప్లిమత్ నేర్పిన పాఠం. ధర పడిపోయి టమాటాలు రోడ్డు మీద పారబోసే మన రైతు పక్కనుంచి బండి తోలుకుపోతూ, సిగ్నల్ దగ్గర ‘గ్రేట్‌ఫుల్’ అని టైప్ చేసేవాడు ఆ పాఠం బాగానే వంటబట్టించుకున్నాడు.