పేరు ఖాసీ కొండలది, మొక్క బ్రెజిల్‌ది

ఈశాన్య రాష్ట్రాల కొండదారుల వెంట, పశువులు మేసే బీళ్లలో, చెట్లు కొట్టేసిన అడవి అంచుల్లో నడుమెత్తు పెరిగే ముళ్ల మొక్క ఒకటి కనిపిస్తుంది. వంకాయ కుటుంబానిదే. కాండం మీదే కాదు, ఆకుల మీదా ముళ్లుంటాయి. పచ్చికాయ చిన్న పుచ్చకాయలా తెలుపు, ఆకుపచ్చ మచ్చలతో ఉండి, పండితే పసుపు రంగుకు తిరుగుతుంది. నీలగిరుల్లోనూ ఇది ఉంది.

మన దేశంలో చాలాకాలం దీన్ని 'సొలానమ్ ఖాసియానమ్' అన్నారు. ఖాసీ కొండల పేరు మోస్తున్న మొక్క పరాయిదని ఎవరు అనుమానిస్తారు? నిజానికి ఇది సొలానమ్ వయారమ్. పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని బ్రెజిల్, పరాగ్వే, అర్జెంటీనా ప్రాంతం. స్టెరాయిడ్ మందుల తయారీకి పనికొచ్చే సొలసొడిన్ కోసం మన దగ్గర దీన్ని సాగు కూడా చేశారు, అదీ ఆ ఖాసీ పేరుతోనే.

పేరుదేముంది అనుకోవడానికి లేదు. 1988లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఇదే మొక్క బయటపడింది. పశువులు ముళ్ల ఆకుల జోలికి పోవు గానీ పండ్లు తింటాయి. ఒక్కో పండులోని వందల గింజలు పేడతో కొత్త బీళ్లకు చేరతాయి. 1995లో అక్కడి ప్రభుత్వం దీన్ని హానికర కలుపు జాబితాలో పెట్టింది. మనం మాత్రం ఔషధ మొక్క అన్న మాట దగ్గరే ఆగిపోయాం. పాఠ్యపుస్తకాల్లో, హెర్బేరియం చీటీల్లో పాత పేరు ఎక్కడున్నా సరిదిద్దాలి, పక్కనే 'విదేశీ మొక్క' అని రాయాలి. ఖర్చు లేని పని ఇది.

తెలుగువారు దీన్ని చూస్తే నేలములక (వాకుడు) అనుకునే ప్రమాదముంది. పసుపు పండు ఒక్కటే చూస్తే ఎవరైనా పొరబడతారు. నేలములక పేరుకు తగ్గట్టే నేలమీద పాకుతుంది, పువ్వు ఊదారంగు. ఇది నిటారుగా నిలుస్తుంది, పువ్వు తెలుపు, రేకులు వెనక్కి వంగి ఉంటాయి, ఆకు మీద మెత్తటి నూగు. ఉస్తికాయతో అంత చిక్కు లేదు: దాని కాయలు మచ్చల్లేకుండా గుత్తులుగా కాస్తాయి. ఫొటో తీసి పేరు అడిగేవారు పండుతో పాటు పువ్వునూ, మొక్క నిలిచిన తీరునూ తీయాలి.

పీకాలంటే కాయ పండకముందే పీకాలి. పండ్లను పెంటకుప్పలో వేస్తే గింజలు ఎరువుతో పాటు పొలంలోకి వస్తాయి.