అశ్వాస్థులు - అనుమానప్రమాణం

ఖాజాగూడ శిలాపర్వతంపై పొగ కనిపిస్తే అక్కడ అగ్ని ఉన్నదని పథికుడు నిశ్చయిస్తాడు. ఇక్కడ పొగ హేతువు, అగ్ని సాధ్యం. పొగ ఉన్న ప్రతిచోటా అగ్ని ఉంటుందన్న నియమమే వ్యాప్తి. కాని కొండపై కనిపించినది పొగ కాక శీతకాలపు మంచు అయితే ఆ అనుమానం కూలిపోతుంది. న్యాయశాస్త్రం మొదట బోధించే ఈ పాఠం, ప్రాచీన అశ్వాస్థుల వివాదంలో ఆస్తికులకు నేడు అత్యవసరం.

వేదంలో అశ్వ, రథ ప్రస్తావన విస్తారంగా ఉంది. అందుచేత భారతభూమిలో ప్రాచీన అశ్వాస్థి లభించిందన్న వార్త రాగానే కొందరు భక్తులు వేదప్రామాణ్యం రుజువైందని ఉప్పొంగుతారు. అది అశ్వానిది కాదని మరొకరు అనగానే కుంగిపోతారు. ఈ హర్షం, ఈ విషాదం రెండూ అనుచితాలే.

గుర్రాన్ని మానవుడు వశపరచుకున్నాడని ఎముకలు ఎలా చెబుతాయి? నోటిలోని కళ్లెం క్రింది దవడలో మొదటి నమిలే పంటిని అరగదీస్తుంది. ముఖపట్టీ ఒత్తిడి నాసికాస్థిపై గాడిని మిగులుస్తుంది. రౌతు భారం వెన్నుపూసలను మారుస్తుంది. రౌతు తుంటికీలులోనూ, తొడ ఎముకలోనూ మార్పులు కలుగుతాయి. ఇవన్నీ హేతువులే. అయితే ఇవి నిర్దుష్టాలేనా?

కజకిస్తాన్‌లోని బొతాయ్‌లో సుమారు క్రీ.పూ. 3500 నాటి గుర్రాల దంతాల అరుగుదలను కళ్లెపు చిహ్నంగా కొందరు భావించారు. మానవుని కళ్లెం ఎరుగని అడవి గుర్రాల దంతాలలోనూ అటువంటి అరుగుదల ఉన్నదని 2021లో ఇతర పరిశోధకులు చూపారు. సుమారు 5000 ఏండ్ల నాటి యమ్నాయా ప్రజల అస్థిపంజరాలలో స్వారీ గుర్తులున్నాయని 2023లో ఒక బృందం ప్రకటించింది. దీర్ఘకాలం తుంటి వంచి కూర్చోవడం వల్లనూ, పశువుల బండ్లలో ప్రయాణించడం వల్లనూ అటువంటి మార్పులు కలుగవచ్చని 2024లో మరొక బృందం వాదించింది. అలాగైతే ఖాజాగూడ పరిసర కార్యాలయాలలో దినమంతా ఆసనం వీడని ఉద్యోగిని కూడా భావితరాలవారు అశ్వారోహకుడని పొరబడవచ్చు! సాధ్యం లేని చోట కూడా కనిపించే హేతువును నైయాయికులు అనైకాంతికమంటారు. అది హేత్వాభాసమే.

మన దేశంలోనూ ఇదే స్థితి. గుజరాత్‌లోని సుర్కోటడా అస్థులను శాండోర్ బోకోన్యి నిజమైన అశ్వానివన్నారు. రిచర్డ్ మెడో అంగీకరించలేదు. 2018లో సినౌలిలో రథాలని చెప్పబడిన వాహనాలు బయటపడ్డాయి గాని, వాటితో అశ్వాస్థులు లభించలేదు. దక్షిణాపథంలో హేతువు కొంత దృఢం. ఖాజాగూడకు చేరువలో, గచ్చిబౌలి విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉన్నటువంటి బృహచ్ఛిలా సమాధులే నాగపూర్ ప్రాంతపు మాహుర్‌ఝరి, నైకుండ్‌లలోనూ ఉన్నాయి. క్రీ.పూ. ప్రథమ సహస్రాబ్దికి చెందిన ఆ సమాధులలో అశ్వాస్థులతోపాటు ఇనుప కళ్లేలు లభించాయి. కళ్లెమే దొరికినప్పుడు గుర్రాన్ని అదుపు చేశారనడంలో సందేహం లేదు. అయినా ఆ గుర్రంపై స్వారీ చేశారో, దానిని బండికి పూన్చారో కళ్లెమొక్కటే చెప్పజాలదు.

మరి వేదం మాటేమిటి? వేదం శబ్దప్రమాణం. మీమాంసకుల మతంలో అది అపౌరుషేయం, స్వతఃప్రమాణం. దంతపు అరుగుదల దానిని నిలబెట్టదు, పడగొట్టదు. అశ్వం ఎప్పుడు, ఎక్కడ మచ్చికైనదన్నది చరిత్రకు చెందిన ప్రశ్న. దానికి సమాధానం ప్రత్యక్షానుమానాలే చెప్పాలి. శ్రద్ధను అనైకాంతిక హేతువుపై నిలిపేవాడు వేదాన్ని రక్షించడం లేదు. దానిని ఇసుకపై నిలబెడుతున్నాడు. సంశయం ఉన్నచోట సంశయాన్ని ఒప్పుకోవడం నాస్తిక్యం కాదు, సత్యవ్రతం.

కఠోపనిషత్తు ఇంద్రియాలను అశ్వాలతోనూ, మనస్సును పగ్గాలతోనూ పోల్చింది. అనుకూలమైన వార్త చేతికందిన క్షణంలోనే దానిని పదిమందికి పంపాలనే ఆతురత కూడా పగ్గం తప్పిన అశ్వమే. దానిని నిలిపి, హేతువును పరీక్షించి, ఆపైన పలకడమే సాధకునికి తగిన మార్గం.