జిగురు చేయని నేరం

జోధ్‌పూర్‌లో షీషం చెక్కతో చేసిన డైనింగ్ టేబుల్ ఒకటి ముంబయి ఫ్లాట్‌కు చేరుతుంది. వేసవి అంతా బాగానే ఉంటుంది. జూన్‌లో వానలు పట్టగానే పైపలక నడుమ ఉబ్బుతుంది. చలికాలానికి అంచున జానెడు పొడవున బీట. కొన్నవారు జిగురును తిడతారు, అమ్మినవారు వాతావరణాన్ని. రెండో మాటే నిజానికి దగ్గర. కాకపోతే అది సగం నిజమే.

పలకల్ని పక్కపక్కన చేర్చి సరిగా అతికిస్తే, ఆ అతుకు చెక్క కంటే గట్టిగా ఉంటుంది. అలాంటి బల్ల పగిలినప్పుడు చాలాసార్లు చీలేది అతుకు కాదు, దాని పక్కనున్న చెక్క. అసలు సంగతి గాలిలోని తేమ. గాలిలో తేమ 30 శాతం ఉన్నచోట కలపలో నిలిచే నీరు దాని పొడి బరువులో సుమారు 6 శాతం. తేమ 80 శాతానికి చేరితే నీరు 16 శాతం దాకా పెరుగుతుంది. నీరు పట్టిన కలప ఉబ్బుతుంది, వదిలితే కుంచించుకుంటుంది. అదీ అన్ని వైపులా ఒకేలా కాదు. నార వెంబడి, అంటే పొడవులో, మార్పు దాదాపు లేనట్టే. అడ్డంగా మాత్రం బాగా ఉంటుంది. నిలకడకు పేరుపడ్డ టేకు సైతం, 90 సెంటీమీటర్ల వెడల్పు పలకలో నీరు 5 శాతం మారితే, కోతను బట్టి 8 మిల్లీమీటర్ల దాకా అటూ ఇటూ అవుతుంది.

ఆ 8 మిల్లీమీటర్లకు చోటివ్వకపోవడంతోనే గొడవంతా. పలక వంగకూడదని అడుగున అడ్డబద్దెలు పెట్టి, జిగురు పూసి, మేకులు దిగ్గొడతారు. బద్దె పొడవు మారదు. పలక వెడల్పు మారక తప్పదు. వానల్లో పలక ఉబ్బి, జరిగే దారిలేక విల్లులా లేస్తుంది. పొడి రోజుల్లో, ఏసీ గదిలో కుంచించుకోబోయి, బద్దె సాగనివ్వక చీలుతుంది. గట్టితనం కోసం చేసిన పనే కొంప ముంచుతుందన్నమాట. పైభాగానికి పాలిష్ పట్టించి, ఎవరికి కనబడుతుందిలే అని అడుగును వదిలేయడం ఇంకో పొరపాటు. తేమ అడుగు నుంచే త్వరగా ఎక్కి పలక దోనెలా తిరుగుతుంది.

పాత ఇళ్ల టేకు తలుపులు చూస్తే ఈ సమస్యను వడ్రంగులు ఎప్పుడో తేల్చేశారని తెలుస్తుంది. చట్రంలో గాడి తీసి పలకను అందులో వదులుగా కూర్చారు, జిగురు చుక్కయినా లేకుండా. అది గాడిలోనే పెరుగుతుంది, తగ్గుతుంది. బల్లకూ అదే సూత్రం. బద్దెలో స్క్రూ రంధ్రాన్ని గుండ్రంగా కాక పలక వెడల్పు దిశలో కోలగా తీస్తే చాలు, పలకతోపాటు స్క్రూ జరుగుతుంది. ప్లైవుడ్‌కు ఈ బాధ తక్కువ. పలుచని పొరల్ని ఒకదానిపై ఒకటి అడ్డంగా అతికిస్తారు గనుక ఏ పొరా పక్కదాన్ని కాదని కదలలేదు.

ఇప్పటికే పగిలిన బల్ల ఉన్నవారు చీలికలో లప్పం నింపించడానికి తొందరపడతారు. ముందు అడుగునున్న మేకులు ఊడదీయించాలి. లేకపోతే వచ్చే చలికాలం దాని పక్కనే మరో బీట.