దారి చూపు యంత్రము – పొదుపు నేర్వవలసిన వైనము

చేతిలోని సెల్‌ఫోన్ నేడు మనకు దారి చూపుచున్నది. సుమారు 20,000 కిలోమీటర్ల ఎత్తున తిరుగు జీపీఎస్ ఉపగ్రహముల సన్నని సంకేతములను పట్టి, అది మన స్థానమును లెక్కకట్టును. ఆ పని ఎడతెగక సాగినచో బ్యాటరీ త్వరగా హరించిపోవును. కచ్చితత్వము ఎంత కావలెనో, శక్తి ఎంత మిగుల్చుకొనవలెనో ఎరిగి నడచుటయే వివేకము.

మన నాగర్‌కర్నూల్ జిల్లాలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యమునే తీసికొందము. దేశములోని ఇట్టి అభయారణ్యములలో గస్తీ నమోదుకై 2010లో ప్రారంభమైన ఎం-స్ట్రైప్స్ విధానము నేడు సెల్‌ఫోన్ యాప్‌గా వాడుకలో ఉన్నది. నల్లమల నడుమ ఛార్జింగుకు తావెక్కడ? నడచు మనిషి సెకనుకు మీటరున్నరకు మించి సాగడు. బయలులోనైనను ఫోన్ లెక్కలో అయిదు మీటర్ల తేడా సహజము. దట్టమైన చెట్ల క్రింద అది మరింత పెరుగును. అట్టిచోట క్షణక్షణము స్థానమడుగుట వృథా.

మనిషి నిలిచినప్పుడు జీపీఎస్‌ను ఆపి, కదలికను పసిగట్టు సెన్సర్ తెలిపినంతనే తిరిగి లేపి, ఇరువది ముప్పది మీటర్లకొకసారి గుర్తించిన చాలును. పులి అడుగుజాడ కనిపించినచోట మాత్రము పూర్తి కచ్చితత్వము కోరవలెను.

దారిలో ఒక మలుపు నమోదు కాకపోవచ్చునని కొందరందురు. నిజమే. కాని మధ్యాహ్నమునకే ఆరిపోయిన ఫోన్ మిగిలిన దారినంతయు పోగొట్టును. ఆపదలో అక్కరకు రాదు. కావున యాప్‌లు నిర్మింపబోవు విద్యార్థులు వానిని ప్లగ్గు ప్రక్కన గాక, అడవిబాటలో పరీక్షింపవలెను.