భీముడి వేషం ఎవరికి?

హైదరాబాద్‌లో పుట్టి దేశమంతా పేరు తెచ్చుకున్న వీరుల లెక్క తీస్తే, అందులో ఒక తొమ్మిదేళ్ల పిల్లవాడికి తప్పకుండా చోటుంటుంది. రాజీవ్ చిలక గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థలో రూపుదిద్దుకొని 2008లో పోగో చానెల్‌లోకి వచ్చిన ఛోటా భీమ్ అతను. ఒంటికి ధోతి, చేతిలో లడ్డూ, వెంట మాట్లాడే కోతి. అతన్ని తొమ్మిదేళ్ల వయసులో చూసిన పిల్లలు ఇవాళ ఉద్యోగాలు చేస్తున్నారు, కొందరు తల్లిదండ్రులయ్యారు. అతనికి మాత్రం ఇంకా తొమ్మిదేళ్లే.

ఆ భీముడిని మనుషులతో తీసిన సినిమా 2024 మే 31న విడుదలైంది. 2012లో యానిమేషన్‌గా వచ్చిన 'కర్స్ ఆఫ్ దమ్యాన్' కథనే రాజీవ్ చిలక మళ్లీ నటీనటులతో తీశారు. 'పంగా'లో బాలనటుడిగా కనిపించిన యజ్ఞ భాసిన్ భీముడయ్యాడు. గురు శంభుగా అనుపమ్ ఖేర్, స్కంధిగా మకరంద్ దేశ్‌పాండే వేశారు. వాళ్ల నటనను ఎంచడం ఈ సంపాదకీయం పని కాదు. మమ్మల్ని పట్టుకున్న ఆలోచన వేరు. బొమ్మగా ఉన్నంతకాలం భీముడిది ఏ ఊరూ కాదు. తెలుగులో డబ్బింగ్ చెప్తే తెలుగువాడు, తమిళంలో చెప్తే తమిళుడు. మనిషి ఆ వేషం కట్టాక అలా కుదరదు. వేషగాడికి ఒక ఒళ్లుంటుంది, ఒక యాస ఉంటుంది, ఎండలో తిరిగిన రంగు ఉంటుంది. హైదరాబాద్ గీసిన భీముడు మనిషై వచ్చినప్పుడు హిందీ సినిమాలో వచ్చాడు. మన భాషలో, మన నేలమీద ఆ కథ తీస్తే ఎవరు వెయ్యాలి?

ఈ ప్రశ్న పెద్దవాళ్లను అడిగితే ముందు హీరోల కొడుకుల పేర్లు చెప్తారు. పిల్లలను అడగండి. యాసంగి కోతలు అయిపోయి, నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింది పొలాలు ఖాళీగా ఉన్న రోజుల్లో హాలియా చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా ఈ వేషాల పంపకం కళ్లారా చూడొచ్చు. వరి కొయ్యకాళ్ల మధ్య ఏడెనిమిది మంది చేరతారు. "నేనే భీమ్" అని అందరికంటే ముందు అరిచినవాడికి ఆ వేషం దక్కదు. నిన్న గోడ దూకినవాడికో, కబడ్డీలో ముగ్గురిని ఈడ్చుకొచ్చినవాడికో దక్కుతుంది. పంచాయితీ అంతా భీముడి చేతిలో ఎప్పుడూ ఓడిపోయే కాలియా వేషం దగ్గరే. "నేనెందుకు చేస్త, నిన్న గూడ నేనే చేసిన" అని ఒకడు అలుగుతాడు. కాలియా వెంట తిరిగే ఢోలు, భోలు వేషాలకు అన్నదమ్ములు ఉండనే ఉంటారు. ఆడపిల్లను భీముడి స్నేహితురాలు చుట్కీగా నిలబెడితే, "నేను చుట్కీ చెయ్య, నేనే భీమ్" అని ఆమె కాలు నేలకేసి కొడుతుంది. ఈ పంపకంలో పేరున్న ఇంటి పిల్లవాడనే మాటే ఉండదు. చెయ్యగలిగినవాడికే వేషం.

మన సినిమా ఒకప్పుడు సరిగ్గా ఇదే పని చేసింది. 1963లో కమలాకర కామేశ్వరరావు 'నర్తనశాల' తీసినప్పుడు కీచకుడు ఎస్వీ రంగారావు. ఆ పాత్రకు జకార్తాలో జరిగిన ఆఫ్రో ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి అందుకున్న కీచకుడు ఆయన. అంతటి విగ్రహాన్ని మట్టికరిపించే భీముడు ఎవరు? పేరున్న తారలు లేక కాదు, ఆ వేషం దండమూడి రాజగోపాల్‌కు ఇచ్చారు. ఆయన బరువులెత్తే వీరుడు, 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో కాంస్య పతకం గెలిచినవాడు. ఆ మల్లయుద్ధం ఇవాళ చూసినా ఇద్దరిలో ఎవరూ తేలిపోరు. భీముడి బలాన్ని నటించాల్సిన అవసరం ఆయనకు లేకపోయింది. 1885లో సురభి నాటక సమాజం తొలిసారి ఆడిందీ కీచకవధే. తెలుగువాళ్ల రంగస్థలానికి, తెరకు భీముడు కొత్తవాడు కాడు. ఆ పాత్రకు ఎవరిని పెట్టాలో తెలియని జాతి కాదు మనది.

ఇక కాలు నేలకేసి కొట్టిన ఆ పిల్ల సంగతి. ఆమె అడిగినదాంట్లో వింతేమీ లేదు. 1967 'భక్త ప్రహ్లాద'లో ప్రహ్లాదుడు రోజారమణి. ఒక ఆడపిల్ల ఎస్వీ రంగారావు హిరణ్యకశిపుడి ముందు నిలబడి ఏమాత్రం తగ్గలేదు. అంతకు పదేళ్ల ముందు 'మాయాబజార్'లో సావిత్రి ఏం చేసిందో మరొక్కసారి చూడండి. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా ఆమె నడక, చూపు, భుజం విదిలింపు అన్నీ రంగారావువే. భీముడి కొడుకును సావిత్రి చెయ్యగలిగినప్పుడు, ఛోటా భీముడిని ఒక తొమ్మిదేళ్ల పిల్ల ఎందుకు చెయ్యకూడదు? మాకైతే ఆడిషన్‌లో ఆ తలుపు తెరిచే ఉంచాలనిపిస్తుంది.

పిల్లలు సినిమా మొయ్యలేరనే భయం కూడా అక్కర్లేదు. ఎమ్మెస్ రెడ్డి నిర్మాణంలో గుణశేఖర్ తీసిన బాలల 'రామాయణం'లో అందరూ పిల్లలే. ఉత్తమ బాలల చిత్రంగా దానికి జాతీయ అవార్డు వచ్చింది. అందులో రాముడు వేసిన జూనియర్ ఎన్టీఆర్ 2022 నాటికి 'ఆర్ఆర్ఆర్'లో కొమురం భీముడయ్యాడు. 2024 సంక్రాంతికి వచ్చిన 'హనుమాన్'లో ప్రశాంత్ వర్మ తన సూపర్‌హీరోగా తీసుకున్న తేజ సజ్జా కూడా బాలనటుడిగా పెరిగినవాడే. అంజనాద్రి అనే పల్లెలో ఆ కథ నడిపారు, జనం ఆదరించారు.

మిగిలిన వేషాల విషయంలో మా కోరికలు మాకున్నాయి. లడ్డూలు చేసే టున్‌టున్ మౌసీగా 'బలగం'లో నటించిన రూపాలక్ష్మిని చూడాలని ఉంది. ఆమె వాకిట్లో లడ్డూలతో పాటు సద్దుల బతుకమ్మనాటి మలీద ముద్దలు కూడా ఉండాలి. ధూనీ బాబాకు తనికెళ్ల భరణి. రాజు ఇంద్రవర్మకు సాయికుమార్, ఆ గొంతు కోసమే. ఆ రాజు కోటకు సెట్ వెయ్యనక్కర్లేదు. కొండల నడుమ పద్మనాయకులు కట్టిన దేవరకొండ దుర్గం మన నల్లగొండ జిల్లాలోనే ఉంది. కోతి జగ్గు దగ్గర కొంచెం జాగ్రత్త కావాలి. కోతులను ప్రదర్శనలకు ఆడించడాన్ని కేంద్రం 1998లోనే నిషేధించింది కాబట్టి జగ్గు గ్రాఫిక్స్‌లోనే పుట్టాలి. అప్పుడు పాత్ర అంతా గొంతు మీదే నిలుస్తుంది. 'హనుమాన్'లో కోతికి రవితేజ చెప్పిన మాటలు ఎంత పనిచేశాయో చూశాం. జగ్గుకు ప్రియదర్శి చెప్తే బాగుంటుంది. కాలియా మాత్రం అందరికంటే కష్టమైన వేషం. ఓడిపోతూనే ఉండాలి, అయినా చూసేవాళ్లకు వాడిమీద ప్రేమ పోకూడదు. ఆ పిల్లవాడిని భీముడికంటే ముందు వెతకాలి.

యాస గురించి ఒక మాట. 'బలగం' చివర్లో బుడగ జంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ పాడుతుంటే హాళ్లలో జనం ఏడ్చారు. ఆ కళ వాళ్లకు పుట్టుకతో వచ్చింది, అందుకే ఆ సన్నివేశం నిలిచింది. భీముడి జట్టు కూడా అలా మాట్లాడాలి. నల్లగొండ పిల్లలు నల్లగొండ మాటే మాట్లాడాలి. ఒక వర్క్‌షాప్ పెట్టి నెల రోజులు నేర్పిన యాస మొదటి పరుగులోనే జారిపోతుంది.

బడిపిల్లలను షూటింగ్‌కు పంపడానికి తల్లిదండ్రులు జంకుతారు. జంకడం న్యాయమే. అయితే చట్టం ఏం చెప్తుందో వాళ్లకు తెలియాలి. 2017 నాటి బాలకార్మిక నిబంధనల ప్రకారం పిల్లవాడితో రోజుకు 5 గంటలకు మించి పని చేయించకూడదు. విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు. వరసగా 27 రోజులకు మించి షూటింగ్ ఉండకూడదు. నిర్మాత జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి, పిల్లల చదువు ఆగకుండా చూడాలి. సంపాదనలో కనీసం 20 శాతం పిల్లవాడి పేర బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చెయ్యాలి. తల్లిదండ్రులు ఈ కాగితాలన్నీ అడిగి చూసుకొని సంతకం పెట్టాలి. అడిగితే వేషం పోతుందేమోనని మొహమాటపడొద్దు. కాగితం చూపించని నిర్మాతకు పిల్లవాడిని ఇవ్వొద్దు.

ఆడిషన్లు హైదరాబాద్‌లో ఏదో ఒక ఆఫీసు మెట్లమీద జరిగినంతకాలం హాలియా పిల్లకు గానీ, నిడమనూరు పిల్లవాడికి గానీ అవి జరిగినట్టే తెలియదు. ఒక రోజు కూలీ పోగొట్టుకొని, బస్సు చార్జీలు పెట్టుకొని కొడుకును అక్కడికి తీసుకుపోయే తండ్రి ఎంతమంది? కాబట్టి తెలుగులో పిల్లల వీరగాథ తీయాలనుకునే ప్రతి నిర్మాతకూ, దర్శకుడికీ మా విన్నపం ఒక్కటే. మీ మనుషులను మిర్యాలగూడ, హాలియా, సూర్యాపేట, కోదాడ ప్రభుత్వ బడులకు పంపండి. ఆగస్టు పదిహేనుకు పిల్లలు నాటకాలు వేస్తారు, ఆటల పోటీలు ఉంటాయి. ఆ రోజు వచ్చి వెనక వరసలో కూర్చొని చూడండి. ఉపాధ్యాయ మిత్రులారా, మీ బడిలో అలాంటి పిల్లవాడో పిల్లో ఉంటే ఇప్పటినుంచే వేదిక ఎక్కించండి.