వంటింటి కూలి

ఆలుమగలిద్దరును ఉద్యోగములకు పోవు కుటుంబములు హైదరాబాదులోను, విజయవాడలోను, విశాఖపట్టణములోను నేడు వేనవేలుగా నున్నవి. అట్టి యిండ్లలో కొన్నింట ఒక క్రొత్త యేర్పాటు కానవచ్చుచున్నది. వారమున కొకనాడు, తరచుగా ఆదివారమున, ఒక స్త్రీ వచ్చి రెండు మూడు గంటలసేపు వంటింట పనిచేసి పోవును. ఆమె వంట వండదు. వారమంతయు వంట సుళువుగా సాగుటకు వలసిన వన్నియు సిద్ధపరచును. ఇడ్లీపిండి రుబ్బును, అల్లము వెల్లుల్లి ముద్ద నూరును, చింతపండు గుజ్జు తీసి కాచి సీసా కెత్తును, కూరలు తరుగును, కందిపొడి కొట్టును. పని ముగియగానే చేతులు కడుగుకొని తన దారిని తాను పోవును. ఈ యేర్పాటు మంచిదని మా యభిప్రాయము. దీనిని నిందించువారు కొందరు కలరు. వారికంటె దీని నవలంబించియు చెడగొట్టుచున్నవారు మరికొందరు కలరు. మాకు ముఖ్యముగా పోట్లాట ఈ రెండవ వారితోనే.

అయినను నిందించువారిని ఊరక విడువరాదు. ఇల్లాలి చేయి తప్ప మరియొక చేయి వంటింట పడినచో రుచి పోవుననియు, ప్రేమ పోవుననియు వీరి వాదము. ఇట్లనువారు తరచుగా పీటమీద కూర్చుండి భుజించువారే కాని పొయ్యియొద్ద నిలుచువారు కారు. ఉల్లిపాయ తరుగుటలో ప్రేమ యున్నదేని, ఆ ప్రేమను చూపు భాగ్యమును పురుషు డేల వదలుకొనుచున్నాడు? జనులు దినమును ఎట్లు గడపుచున్నారో 2019వ సంవత్సరమున భారత ప్రభుత్వ గణాంక శాఖవారు దేశమంతట విచారించిరి. జీతము లేని యింటిపనికి స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును వెచ్చించుచున్నారని తేలినది. ఈ 97 నిమిషములును ఇంటిపని ముట్టు పురుషుల మాట మాత్రమే. స్త్రీలలో నూటికి 81 మంది ఈ పనిలో నుండగా పురుషులలో నూటికి 26 మందియే యున్నారు. తక్కిన మగవా రందరును ప్రేమ నేమి చేసికొనుచున్నారో మాకు తెలియదు.

రుచి మాట యందురా? మంచి వంటకు మన వారు పెట్టిన పేర్లు నలపాకము, భీమపాకము. నలుడు బాహుకుడను పేర ఋతుపర్ణుని కొలువున చేరినవాడు. దమయంతి యాతని గుర్తించిన యానవాళ్లలో వంట రుచి యొకటి. భీముడు వలలుడై విరటుని వంటశాలలో గరిటె పట్టెను. రుచికి మనము కొలబద్దగా పెట్టుకొన్న యిద్దరును పురుషులే; ఇద్దరును పరుల కొలువున పనిచేసినవారే.

నిందించువారిలో మరికొందరు పెద్దలు గాంధీ మహాత్ముని పేరు చెప్పుచున్నారు. ఎవరి పని వారే చేసికొనవలెనట. కూలికి మనిషిని పెట్టుట పరపీడనమట. ఈ మాటయందు మాకు గౌరవము కలదు. సబర్మతిలోను, సేవాగ్రాములోను ఆశ్రమవాసులు స్త్రీపురుష భేదము లేక కూరలు తరిగిరి, పాత్రలు తోమిరి, పాయిఖానాలు శుభ్రపరచిరి. మన పెద్దలు ఈ బోధలో తమకు వలసిన సగమే తీసికొనిరి. 'ఎవరి పని వారు' అను మాటకు వీరి యిండ్లలో 'అందరి పనియు ఆమె' అని యర్థమైనది. వీరు తామును కత్తిపీట ముందు కూర్చుండెదరేని మేము ఈ వ్యాసమును మా చేతులతోనే చింపివేయుదుము.

ఇక మనుష్యులను పెట్టుకొన్నవారి సంగతి. ఆమె చేయున దేమంత పని, కూరలు తరుగుటయే కదా యని వీరందురు. వినుడు. ఇడ్లీపిండికి మినపపప్పు ఒక పాలు, రవ్వ రెండు పాళ్లు. పప్పు నాలుగైదు గంటలు నానవలెను. రుబ్బునప్పుడు నీరు చిలకరించుచు రుబ్బవలెను. ఒక్కమారుగా పోసినచో పిండి జారును. గ్రైండరులో పిండి వేడెక్కినచో ఇడ్లీ మెత్తనగా రాదు. వేసవిలో రాత్రికి రాత్రియే పొంగు పిండి శీతకాలమున తెల్లవారినను కదలదు. బెండకాయ కడిగి తడి యారిన పిదపనే తరుగవలెను, లేకున్న జిగురు. వంకాయ ముందుగా తరిగి యుంచిన నల్లబడును. అది వండునాటి పని, ఆదివారపు పని కాదు. దొండకాయ, గోరుచిక్కుడు తరిగి మూతపెట్టిన రెండు మూడు దినములు చెడవు. ఆకుకూర కడిగి తడితో నుంచిన కుళ్లును. గోంగూర యైనను తోటకూర యైనను ఏరి, కాగితమున చుట్టి ఫ్రిజ్జులో పెట్టి, వండునప్పుడు కడుగవలెను. అల్లము వెల్లుల్లి ముద్దలో ఉప్పును నూనెయు కలిపిన గాని వారము నిలువదు. ఏది ముందు చేయవలెనో, దేనిని పొడిచేతితో ముట్టవలెనో, ఏ పిండిని ఏ గిన్నెలో ఎంత వెలితిగా నుంచవలెనో తెలిసినవారికే ఈ పని మూడు గంటలలో ముగియును. తెలియనివారికి సాయంకాలమైనను ముగియదు. నమ్మకము లేనివారు ఒక యాదివారము తామే కూర్చుండి చూచుకొనవచ్చును.

ఈ పనిలో ఇంటివారి వంతును కొంత కలదు. ఉదయ మెనిమిదింటికి వచ్చు మనిషి రుబ్బవలెనన్నచో పప్పు ముందురాత్రియే నానవేయవలసినది ఇంటివారు. అది మరచిపోయి, ఆమె వచ్చిన పిదప నానవేసి, గంట యాలస్యమైనదని ఆమెపై కేకలు వేయు ఇల్లాండ్రను, వారిని సమర్థించు మగలను మేమెరుగుదుము. ఒప్పుకొన్న పని ముగిసి ఆమె చెప్పులు తొడుగుకొనుచుండగా, "ఎలాగూ వచ్చావుగా, ఆ రెండు గిన్నెలు కూడా తోమేసి వెళ్ళమ్మా" యనువారిని అంతకంటె బాగుగా నెరుగుదుము. ఆ రెండు గిన్నెలు వారమునకు రెండుచొప్పున పెరిగి యేడాదికి ఒక పూర్తి యుద్యోగ మగును. కూలి మాత్రము ఉన్నచోటనే యుండును.

కౌటిల్యుని అర్థశాస్త్రమున దాసకర్మకరులనుగూర్చిన ప్రకరణ మొకటి కలదు. పనివానికిని యజమానికిని కుదిరిన యొప్పందమును చుట్టుపట్లవారు తెలిసియుండవలెనని అందు విధి. ముందుగా కూలి కుదుర్చుకొననిచో పనిని బట్టియు కాలమును బట్టియు ఈయవలెను. ఎగవేసినవానికి కూలిలో పదియవ వంతో, ఆరు పణములో దండన. చుట్టుపట్లవారిని సాక్షులుగా చేయుట పనివానికి అన్యాయము జరుగకుండుటకని మేము తలచుచున్నాము. నేటి యపార్టుమెంట్లలోను చుట్టుపట్లవారికి ఎదురింటి కూలి సంగతి బాగుగనే తెలియును. ఒక యింటివారు నూరు రూపాయలు అధికముగ నిచ్చినచో, "మీరు రేట్లు పాడుచేస్తున్నారండీ" యని తక్కినవారు వాట్సాపులో వారిపై పడుటకే ఆ తెలివి యుపయోగపడుచున్నది. పనివారు సంఘము పెట్టుకొన్న తప్పనువారే తాము సంఘమై కూలి తగ్గించుచున్నారు!

చట్టము మాట కొంత చెప్పుదుము. 2007లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఇంటిపనివారిని కనీస వేతనముల పట్టికలో చేర్చినది. 2011 జూనులో జెనీవాయందు అంతర్జాతీయ కార్మిక సంస్థవారు, ఇంటిపనివారికిని వారపు విశ్రాంతి మొదలైన హక్కులు ఉండవలెనని 189వ ఒడంబడికను ఆమోదించిరి. మన దేశము దానికి అనుకూలముగా ఓటు వేసినది. ధ్రువపరచుట మాత్రము జరుగలేదు. 2025 జనవరిలో సుప్రీము కోర్టువారు ఇంటిపనివారి రక్షణకు చట్టము విషయమై ఆలోచించుటకు సంఘము నేర్పరుపుడని కేంద్రమునకు చెప్పిరి. ఆ సంవత్సరమే ఒక వ్యాపార సంస్థ బొంబాయిలో గంటకు 49 రూపాయలకు పనిమనిషిని పంపుదుమని ప్రకటించినది. పెట్టిన పేరు అవమానకరముగా నున్నదని జనులు గోల చేయగా పేరు మార్చిరి. పనివారికి ఇంతకంటె నెక్కువయే ఇచ్చుచున్నామని సంస్థవారు చెప్పుకొనిరి. కావచ్చును. కాని గృహస్థునకు అబ్బిన పాఠ మేమి? ఒక మనిషి గంట విలువ, వీధిచివర రెండు టీల వెలకంటె కొంచె మెక్కువ యని. ఎట్టి చట్టము వచ్చినను తనిఖీ అధికారి మన వంటింటి గడప దాటి రాడు. అక్కడ న్యాయాధిపతులము మనమే, ముద్దాయిలమును మనమే.

కూలికంటె మాకు కష్టముగా తోచునది కులపు ప్రశ్న. 2017 సెప్టెంబరులో పుణె నగరమున, కేంద్ర వాతావరణ శాఖలో పెద్ద పదవియందున్న యొక శాస్త్రవేత్త, తన యింట వంటచేసిన స్త్రీ కులమును దాచి మోసగించినదని పోలీసులకు ఫిర్యాదు చేసిన వార్త దేశమంతట ప్రాకినది. నిరసన రాగా ఫిర్యాదును తరువాత ఉపసంహరించుకొనిరి. మబ్బుల పోకడ లెక్కింపనేర్చిన చదువు మడికట్టు పోకడ మాన్ప లేకపోయినది. పుణెను చూచి నవ్వుటకు మన కధికారము లేదు. మన యిండ్లలో పోలీసుల యవసరము లేకుండగనే, "ఏ ఊరమ్మా? ఇంటిపేరేమిటి? మీరేమిట్లు?" అను మూడు ప్రశ్నలతో ఆ పని జరిగిపోవుచున్నది. ఆమె రుబ్బిన పిండి మన కడుపులోనికి పోవచ్చునట. ఆమె త్రాగిన గ్లాసు మాత్రము కిటికీలో వేరుగా నుండవలెనట! ఇది యే శాస్త్రమో, సంస్కృతమును ఇరువదేండ్లుగా పాఠము చెప్పుచున్న మాకు నేటివరకు కనబడలేదు.

1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము జరిపించిరి. ఆ దినములలో వెలి భయముచే వంటవారును నీళ్లవారును తప్పుకొనగా, ఆయన సతీమణి రాజ్యలక్ష్మమ్మగారు గోదావరి నీరు తామే మోసి వంటపనిని నెత్తిన వేసికొనిరి. సంస్కర్తను లొంగదీయుటకు నాడు కులము పట్టుకొన్న చోటు వంటిల్లు. ఆ పంతులుగారి పటము గోడకు వ్రేలాడుచున్న ఇండ్లలోనే నేడు కిటికీ గ్లాసులు చూచుచున్నాము.

మేము బడిపంతులము. ఒకటవ తేదీ దాటి రెండు దినములు జీతము రానిచో ఉపాధ్యాయుల గదిలో ఎట్టి యుపన్యాసములు సాగునో మాకు తెలియును. ఆ యుపన్యాసకులలో కొందరి యిండ్లలో, "ఈ నెల కొంచెం ఇబ్బందిగా ఉంది, వచ్చే వారం తీసుకో" అను మాట పనిమనిషికి అలవాటైపోయినది.

మా యింట నడచు పద్ధతి యిది. ఆదివార ముదయము ఎనిమిది మొదలు పదునొకండు వరకు పని. ఏమేమి చేయవలెనో శనివారమే కాగితముపై వ్రాసి ఆమెతో చదివించుకొందుము. అధికమని ఆమె యన్నది కొట్టివేయుదుము. పప్పు నానవేయుట మా వంతు. అది మేమే చేయుదుము, మా యిల్లాలు కాదు. పదునొకండు దాటినచో దాటిన ప్రతి యరగంటకును వేరు కూలి. కూలి ఆ దినముననే చేతికి వచ్చును. మేము ఊరికి పోయి పని వద్దన్న వారమునకును ఇచ్చుదుము. ఆ మూడు గంటలను ఆమె మాకై కేటాయించి మరియొక యింటిని వదలుకొన్నది కదా. నడుమ పదినిమిషములు కుర్చీలో కూర్చుండి మా గ్లాసులతోనే కాఫీ త్రాగును. ఇదంతయు ఔదార్యమని మిత్రులు మెచ్చుకొనుట మాకు నచ్చదు. బడిలో రెండు పీరియడ్ల నడుమ విరామ మిచ్చినందులకు మేము ప్రధానోపాధ్యాయుని ఉదారుడని పొగడము.

ఇంత యిచ్చుకొనలేని వారి మాటేమి యని కొంద రడుగుదురు. ఇచ్చుకొనలేనివారు మూడు గంటలకు బదులు ఒక గంటకే పిలుచుకొని పిండి మాత్రము రుబ్బించుకొనవచ్చును. కూరలను తండ్రియు కొడుకును తరుగవచ్చును. మా ఎనిమిదవ తరగతి బాలురు నిమిషమునకు రెండు చిక్కుడుకాయల నార తీయగలరని ఒక పిక్నిక్కునాడు కనుగొంటిమి; అభ్యాసమున ఇంకను బాగుపడుదురు.

పండుగ వారముల సంగతి యొక్కటి మిగిలినది. సంక్రాంతికి ముందటి యాదివారమున ప్రతియింటను అరిసెల పిండియు, బూరెల పూర్ణమును చేరి పని రెట్టింపగును. ఆ వారము కూలియు రెట్టింపు కావలెను. పండుగ మూడు దినములును ఆమెకు కూలితో సెలవు కావలెను. మన యిండ్లకు పిండి కొట్టిన చేతులు ఆ మూడు దినములైనను తన బిడ్డలకు అరిసెలు వత్తుకొనవలసి యున్నది.