ఇంటా బయటా: చూడని ట్రాపుకు టిక్కు

దామంజోడి వాసులకు ఆవిరి సంగతి చెప్పబోవడం తాతకు దగ్గులు నేర్పడమే. 1981లో ఏర్పడిన నాల్కో సంస్థ పంచపట్మాలి కొండమీది బాక్సైటును 14.6 కిలోమీటర్ల కన్వేయరు బెల్టు మీద మన ఊరికి దింపుతుంది. దాన్ని కాస్టిక్ సోడా ద్రావణంలో వేడిచేసి అల్యూమినా తీయడానికి ఆవిరి కావాలి. ఆవిరి గొట్టం వున్నచోటల్లా స్టీము ట్రాపు వుండక తప్పదు. ఆ చిన్న వస్తువును గురించి మన ఇళ్ళలో ఎవరూ మాట్లాడుకోరు గనుక ఈ నెల దాని ముచ్చట.

ఇడ్లీపాత్ర మూత తీస్తే లోపలివైపు నీటిబొట్లు కారుతాయి గదా! గొట్టాల్లోనూ అంతే. ఆ నీటిని బయటికి వదలి, ఆవిరిని పోనీయకుండా ఆపేది ట్రాపు. అది తెరుచుకొని వుండిపోయిందా, ఇంధనం ఖర్చు గాలిలో కలుస్తుంది. 100 డిగ్రీల వద్ద కిలో ఆవిరి నీరుగా మారేటప్పుడు సుమారు 540 కిలోకేలరీల వేడినిస్తుంది. కిలో నీటిని సున్నా నుంచి 100 డిగ్రీలకు కాచడానికి మాత్రం 100 చాలు. ట్రాపు మూసుకుపోయిందా, నీరు నిలుస్తుంది. ఆవిరి ఆ నీటిని తోసుకువచ్చి వంపుల దగ్గర సమ్మెటదెబ్బ కొడుతుంది.

నేలమీది ట్రాపును ఫిట్టరు వస్తూ పోతూ చూస్తాడు. మూడంతస్తుల ఎత్తున వున్నదాన్ని చూడాలంటే పరంజా కట్టాలి, పర్మిటు తీసుకోవాలి, తోడు మనిషి వుండాలి.

నా సంగతే చెప్పుకుంటాను. ఉద్యోగం తొలినాళ్ళలో, వేరొక ఊళ్ళో, ఒక కర్మాగారంలో గుమాస్తాగా వుండేవాణ్ణి. పేరు అనవసరం. తనిఖీ కాగితాలను రిజిస్టరులో ఎక్కించడం నా పని. ఎత్తున వున్న తొమ్మిది ట్రాపులకు నెలనెలా "బాగున్నది" అనే వచ్చేది. పరంజా బిల్లు మాత్రం నా బల్లమీదికి ఏనాడూ రాలేదు. అనుమానం కలిగినా, మనకెందుకులే అని టిక్కు పెట్టాను. ఒక వేకువజామున ఆవిరి వదలగానే పై గొట్టం అదిరి జాయింటు విడిచింది. కింద వున్న హెల్పరు కుర్రవాడికి భుజం కాలింది. ప్రాణం దక్కింది. విచారణలో రిజిస్టరు తెరిచారు. "బాగున్నది" అని వున్నది, నా దస్తూరీలో.

ఇప్పుడు మంచి సాధనాలు వచ్చాయి. కారే ట్రాపు చేసే చప్పుడులో మన చెవికి అందని భాగం, సెకనుకు 20,000 కంపనాలు మించినది, వుంటుంది. దాన్ని వినే పరికరాన్ని గొట్టానికి బిగిస్తే రేడియో ద్వారా కిందికి కబురు పంపుతుంది. వేడినీ కొలుస్తుంది. చల్లబడిన ట్రాపు మూసుకుపోయిందేమోనని అనుమానించవచ్చు గాని, వేడిగా వున్నది బాగున్నదో, కారుతున్నదో వేడిని బట్టి తేలదు. అందుకని రెండూ కావాలి.

ఆ పరికరానికీ బ్యాటరీ అయిపోతుంది. కబురు రాని రోజున ఏమి వ్రాయాలి? మన పిల్లలు ఎందరో ఇటువంటి పనుల్లో చేరుతున్నారు. వారితో పెద్దలు ఒక్కమాట చెప్పండి: చూడనిదానికి "చూడలేదు" అని వ్రాయమనండి. నేను ఆనాడు ఆ మాట వ్రాసి వుంటే, పైవారు కోప్పడి అయినా ఎవరిచేతనో పరంజా కట్టించేవారు.